రందా యంత్రముపై ఏటవాలు అంచులు: వడ్రంగి చేతులకు రక్షణ

(ఇబ్రహీంపట్నము ప్రాంతపు పంచాయతీ సభ్యుల సమావేశమున బొంగులూరులో చేసిన ప్రసంగ పాఠము)



నేటి ప్రసంగ విషయమును వినినపుడు మీలో కొందరు ఆశ్చర్యపడియుందురు. చెరువులు, బాటలు, బడులు, త్రాగునీరు, వీధి దీపములు మన సభలలో చర్చకు వచ్చు విషయములు. కొయ్య పలక అంచును వాలుగా చెక్కుట యెట్లో పంచాయతీ సభ్యులేల తెలిసికొనవలెనని మీరడుగవచ్చును. అడుగవలసిన ప్రశ్నయే. దానికి నా సమాధానము ఈ ప్రసంగము ముగియునప్పటికి మీకు తోచునని నమ్ముచున్నాను.

మనము కూర్చున్న ఈ బొంగులూరు నాగార్జునసాగరు రహదారిపై నున్నది. హైదరాబాదును చుట్టివచ్చు 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారికి ఇచ్చట 12వ నిష్క్రమణ ద్వారము గలదు. రహదారి వచ్చినచోటికి ఇండ్లు వచ్చును. ఇండ్లు వచ్చినచోట దర్వాజలు, కిటికీలు, తలుపులు, అలమారలు కావలసివచ్చును. మీలో కొందరి గ్రామములు పట్టణ పాలనలో కలిసినవి. మరికొందరివి పంచాయతీలుగనే యున్నవి. ఎచ్చటనైనను వడ్రంగి పని మాత్రము పెరిగినది.

ఒకప్పుడు మన పల్లెలలోని వడ్రంగి చేతిలో బాడిస, ఉలి, రంపము, రందా, మూలమట్టము ఉండెడివి. నాగలి, గుంటక, బండిచక్రము, ఇంటి దర్వాజ అన్నియు వానితోనే తయారయ్యెడివి. ఆ పనిముట్ల వలన గాయములు కాలేదని కాదు. ఉలి జారి చేయి తెగెడిది, బాడిస తగిలి కాలు తెగెడిది. అయినను ఆ పనిముట్టు మనుష్యుని బలముతోనే నడచెడిది. చేయి ఆగినచో పనిముట్టు కూడ ఆగెడిది. మోటారు వచ్చిన పిమ్మట ఆ సంబంధము తెగిపోయినది. చేయి ఆగినను యంత్రము ఆగదు.

రందా యంత్రము ఎట్లు పనిచేయును?

కార్ఖానాలలో దీనిని రందా మిషను అనియు, కొందరు జాయింటరు అనియు పిలుచుచున్నారు. దీని నిర్మాణము సులువైనది. ఒకే వరుసలో రెండు ఇనుప బల్లలుండును. వాని నడుమ ఒక సందులో కత్తుల దిమ్మ గిరగిర తిరుగుచుండును. పలకను త్రోయుట మొదలుపెట్టు ముందు బల్ల కొంచెము పల్లముగా నుండును. వెనుక బల్ల కత్తుల అంచు పైకి వచ్చు ఎత్తుతో సరిగా సమానముగా నుండును. రెండు బల్లల ఎత్తులకు గల తేడా యెంతో, ఒక్కసారి త్రోసినప్పుడు తెగు కొయ్య మందము అంత. బల్లకు ఒక ప్రక్కన నిలువుగా నిలిచిన ఇనుప పలకను ఫెన్సు అందురు. పలకను దానికి ఆనించి త్రోసినచో అంచు సూటిగా వచ్చును. ఆ ఫెన్సును వంచినచో అంచు కూడ వాలుగా వచ్చును. కత్తులపై మూతగా నుండి, పలక వచ్చినపుడు తొలగి, పలక పోయిన పిదప తిరిగి మూసికొను భాగమును గార్డు అందురు.

ఈ యంత్రపు వేగమును ఒక చిన్న లెక్కతో చూతము. కత్తుల దిమ్మ నిమిషమునకు 5,000 మార్లు తిరుగుననుకొందము. దానిపై 3 కత్తులున్నచో నిమిషమునకు 15,000 కోతలు, అనగా సెకనుకు 250 కోతలు. మనుష్యుడు అపాయమును గుర్తించి చేయి వెనుకకు తీసికొనుటకు సెకనులో అయిదవ వంతు కాలమైనను పట్టును. ఆ లోపల కత్తి 50 మార్లు తగులును. దిమ్మ అడ్డుకొలత 75 మిల్లీమీటర్లయినచో కత్తి అంచు గంటకు సుమారు 70 కిలోమీటర్ల వేగముతో పోవుచుండును. కావున "నేను జాగ్రత్తగా ఉందును, తగిలిన వెంటనే చేయి తీసికొందును" అను మాటకు ఈ యంత్రము వద్ద అర్థము లేదు. తగిలిన పిమ్మట చేయుట కేమియు మిగులదు. చేయవలసినదంతయు ముందే చేయవలెను.

ఏటవాలు అంచు ఎందులకు?

తలుపు రెక్క మూసికొను అంచును కొంచెము వాలుగా చెక్కనిచో అది దర్వాజకు ఒరసికొనును. బడిలోని బల్లల అంచులు పదునుగా నున్నచో పిల్లలకు గీరుకొనును. కావున మూలలను కొట్టివేయుదురు. పెట్టె నాలుగు ప్రక్కలు మూలలలో అతుకు కనబడకుండ కలియవలెనన్నచో ప్రతి అంచు 45 డిగ్రీల వాలుతో నుండవలెను. ఎనిమిది పలకల స్తంభమును తయారుచేయునప్పుడు ఒక్కొక్క పలకకు రెండేసి అంచులు, మొత్తము 16 అంచులు. 360ని 16చే భాగించినచో 22.5 డిగ్రీలు వచ్చును. ఆరు పలకలదైనచో 30 డిగ్రీలు. ప్రతి అంచులోను అర డిగ్రీ తప్పినచో ఎనిమిది పలకల స్తంభములో మొత్తము 8 డిగ్రీల సందు ఏర్పడును. జిగురు ఎంత పెట్టినను ఆ సందు మూయబడదు. ఈ కారణముననే వడ్రంగి చేతి రందాను వదలి యంత్రము వైపు పోవుచున్నాడు. అతని కోరిక న్యాయమైనదే. యంత్రము పని బాగుగను త్వరగను చేయును. యంత్రము వద్దని చెప్పుటకు నేను రాలేదు.

ఎచ్చట ప్రమాదము కలుగును?

సూటి అంచును చెక్కునపుడు పలక బల్లపై నిటారుగా, ఫెన్సునకు ఆని, స్థిరముగా నిలుచును. వాలు అంచును చెక్కునపుడు పలక మొత్తము అడుగు బల్లపై ఆనదు; ఒక్క మూల మాత్రమే ఆనును. అందుచేత పలక జారుటకు అవకాశము హెచ్చును. ఫెన్సును ఏ వైపునకు వంచితిమను దానిపై ఈ పనిలోని భద్రత చాలవరకు ఆధారపడియున్నది.

ఫెన్సును బయటికి, అనగా పనివానికి దూరముగా వంచినచో, పలక పడకకుర్చీలో కూర్చున్నట్లు దానిపై వాలును. చూచుటకు ఇది హాయిగా కనబడును. కాని గోడకు వాల్చిన నిచ్చెన అడుగు జారినట్లు ఆ పలక అడుగు పనివాని వైపునకు జారును. జారిన క్షణమున పలకను ఒత్తుచున్న చేయి, ఆనిక లేనిదై, ముందునకు, అనగా కత్తుల మీదికి పడును. ఫెన్సును లోపలికి, అనగా బల్ల మీదికి వంగునట్లు వంచినచో, ఫెన్సునకు బల్లకు నడుమ ఒక ఇరుకైన మూల యేర్పడును. పలక అడుగు ఆ మూలలో పట్టుబడియుండును, బయటికి జారదు. సాధ్యమైన ప్రతిచోట ఫెన్సును లోపలికే వంచవలెనను సూత్రమును ప్రతి వడ్రంగి నేర్చుకొనవలెను. మీరు ఈ సభనుండి ఒక్క మాట మాత్రమే జ్ఞాపకముంచుకొని పోదలచినచో ఆ మాట ఇదియే కావలెను.

కొన్ని యంత్రములలో ఫెన్సు బయటికి మాత్రమే వంగును. అట్టి చోట ముందు బల్లపై ఫెన్సునకు సమాంతరముగా ఒక సూటియైన కొయ్యపట్టీని గట్టిగా బిగించి, పలక అడుగు జారకుండ అడ్డు పెట్టవలెను. ఆ పట్టీ కత్తులకు తగులరాదు. అది కూడ కుదరనిచో ఆ అంచును చేతి రందాతో చెక్కుటయే మేలు.

నే నెరిగిన ఒక వడ్రంగి గలడు. అతని పేరును, ఊరును చెప్పను. పనిలో నేర్పరి. ఒకనాడు తలుపునకు కావలసిన చిన్న ముక్కల అంచులు వాలుగా తీయవలసివచ్చెను. ముక్క జానెడు పొడవు కూడ లేదు. చిన్న ముక్కకు అడ్డు వచ్చుచున్నదని గార్డును ఊడదీసి ప్రక్కన పెట్టెను. ఫెన్సు బయటికి వంగియుండెను. మూడు ముక్కలు చక్కగా వచ్చెను. నాలుగవది జారెను. కుడిచేతి చూపుడు వ్రేలు, నడిమి వ్రేలు మొదటి కణుపు వరకు పోయెను. తరువాత నేనతనిని చూచినపుడు అతడు నొప్పిని గూర్చి చెప్పలేదు. "పలకపై గీత గీయుటకు పెన్సిలు నిలువదు, అయ్యా" అని మాత్రము చెప్పెను. ఆ సంవత్సరము అతని పెద్ద కుమారుడు చదువు మానెను.

ఇందులో యంత్రము చెడిపోలేదు; అతడు మద్యము సేవించియుండలేదు; నిద్రలేమి కూడ కాదు. ముక్క పొట్టిది, గార్డు లేదు, ఫెన్సు బయటికి వంగినది. ఈ మూడును కలిసినవి. వీనిలో ఏ ఒక్కటి సరియైనదైనను అతని వ్రేళ్ళు మిగిలియుండెడివేమో.

పని చేయవలసిన క్రమము

మీ గ్రామములోని పనివారికి చెప్పుటకు వీలుగా ఈ క్రమమును వరుసగా చెప్పుచున్నాను.

మొదటిది: విద్యుత్తును పూర్తిగా తీసివేసిన తరువాతనే ఫెన్సును, కత్తులను, గార్డును ముట్టవలెను. మీట నొక్కి ఆపుట చాలదు. ప్లగ్గును ఊడదీయవలెను, లేదా మెయిన్ స్విచ్చిని దించవలెను.

రెండవది: కొయ్యను పరీక్షించవలెను. పాత దర్వాజ కొయ్యలో మేకులుండును. మేకు తగిలిన కత్తి విరిగి ముక్కలు ఎగురవచ్చును. వదులైన ముడి, పగులు ఉన్న ముక్కను ప్రక్కన పెట్టవలెను. ముందుగా ఒక ముఖమును, ఒక అంచును సూటిగా చెక్కుకొని, తరువాతనే వాలు అంచును మొదలుపెట్టవలెను. వంకర పలక ఫెన్సునకు ఆనదు, ఊగును.

మూడవది: 300 మిల్లీమీటర్లకు, అనగా ఒక అడుగునకు తక్కువ పొడవున్న ముక్కను ఈ యంత్రముపై పెట్టరాదు. చిన్న ముక్కలు కావలసినచో పొడవైన పలక అంచునే వాలుగా చెక్కి, ఆ పిమ్మట రంపముతో ముక్కలుగా కోసికొనవలెను. పని కూడ ఇందువలన తగ్గును. పది ముక్కలకు పదిమార్లు త్రోయుటకు బదులు ఒక్క పలకనే త్రోయవచ్చును.

నాలుగవది: వాలును కొలిచి ఫెన్సును లోపలికి వంచి, మరలను గట్టిగా బిగించి, తిరిగి కొలువవలెను. బిగించునపుడు ఫెన్సు కొంచెము కదలుట సహజము. ఫెన్సును ముందునకు జరిపి, పనికి కావలసినంత మేర మాత్రమే కత్తులు కనబడునట్లు చేయవలెను. ఫెన్సునకు వెనుకనున్న కత్తుల భాగమును కూడ మూయవలెను.

అయిదవది: ఒక్కసారికి మిల్లీమీటరున్నర కంటె హెచ్చుగా తీయరాదు. తుమ్మ, మద్ది వంటి గట్టి కొయ్యయైనచో అందులో సగమే తీయవలెను. లోతుగా తీసినచో కత్తి పలకను కరచి వెనుకకు విసరును. తొందరగా పని కావలెనని లోతు పెంచుట వలన కాలము కలిసిరాదు. అంచు చిట్లి ఆ పలకయే పాడగును.

ఆరవది: కొయ్య నారల దిశను చూడవలెను. నారలు కత్తులకు ఎదురు లేచునట్లు త్రోసినచో కొయ్య పెచ్చులుగా ఊడును, అదరును. పలక చివరలను, అనగా నారలు తెగిన అడ్డు అంచును, వెడల్పు తక్కువైన పలకలలో ఈ యంత్రముపై చెక్కనే కూడదు.

ఏడవది: మోటారు నడువకముందే ఒకమారు పలకను ఉత్తిగా త్రోసి చూచుకొనవలెను. చేతులు ఎచ్చట ఉండును, గార్డు సరిగా తెరచుకొని మూసికొనుచున్నదా, పలక వెనుక బల్లమీదికి అడ్డు లేక పోవుచున్నదా అని చూడవలెను.

ఎనిమిదవది: పనివాడు యంత్రము ప్రక్కన నిలువవలెను, పలకకు సరిగా వెనుక నిలువరాదు. పలక వెనుకకు విసరబడినచో అది పొట్టకు తగులును. చేతిలో తోపుడు దిమ్మలుండవలెను. పిడి తగిలించి, అడుగున రబ్బరు అతికించిన కొయ్య దిమ్మ చాలును. దీనికి పట్టు ఖర్చు నామమాత్రము. చేయి ఎప్పుడును కత్తుల మీదుగా పోరాదు. పలక ముందు భాగము వెనుక బల్లకు చేరగానే ఒత్తుడును ఆ వైపునకు మార్చవలెను. పలక వెనుక కొసను వ్రేళ్ళతో త్రోయరాదు.

తొమ్మిదవది: పలక అంచున పెన్సిలుతో అడ్డుగీతలు గీసి, అవి చెరిగిపోవువరకు మరల మరల త్రోయవలెను. అన్ని పలకలను ఒకే లెక్కలో త్రోసినచో అన్ని అంచులును సమానముగా వచ్చును.

పదవది: మోటారును ఆపిన తరువాత కూడ కత్తుల దిమ్మ కొంతసేపు తిరుగుచుండును. దాని చప్పుడు తగ్గును. కత్తి మాత్రము కోయుచునే యుండును. అది పూర్తిగా నిలిచిన పిమ్మటనే చెత్తను తుడువవలెను. తుడుచుటకు చేయి కాక కుంచె వాడవలెను.

దుస్తులను గూర్చి ఒక మాట. కండువా, జారెడి ధోవతి అంచు, పొడుగు చేతుల చొక్కా, మణికట్టుకు కట్టిన దారము, ఉంగరము ఇవేవియు ఈ యంత్రము వద్ద పనికిరావు. చేతి తొడుగులు రక్షణయని కొందరు భ్రమపడుదురు. తిరుగు కత్తి వద్ద తొడుగు రక్షణ కాదు. దాని బట్టను కత్తి పట్టి, చేతిని లోనికి లాగును. కంటికి అద్దములు, ముక్కుకు గుడ్డ లేక మాస్కు తప్పక యుండవలెను. కొయ్య దుమ్ము మనుష్యులలో కాన్సరును కలిగించునని అంతర్జాతీయ కాన్సరు పరిశోధనా సంస్థ 1995లో ప్రకటించినది.

విద్యుత్తు పోయి వచ్చినపుడు

ఈ విషయము రైతులైన మీకు నాకంటె బాగుగ తెలియును. బావి మోటార్లకు ఆటో స్టార్టర్లు తగిలించుట మన ప్రాంతమున అలవాటుగా నుండెడిది. కరెంటు వచ్చిన వెంటనే మోటారు తనంతట తాను తిరుగుటకు అది ఏర్పాటు. 2018 జనవరి 1 నుండి వ్యవసాయమునకు 24 గంటల విద్యుత్తు ఇచ్చినపుడు, భూగర్భ జలము వృథాగా పోవునని ఆ ఆటో స్టార్టర్లను తీసివేయుడని ప్రభుత్వము కోరినది. బావి వద్ద ఆటో స్టార్టరు వలన నీరు వృథా యగును. రందా యంత్రము వద్ద అట్టి ఏర్పాటున్నచో ప్రాణము మీదికి వచ్చును. పని నడుమ కరెంటు పోవును. పనివాడు కత్తుల నడుమ ఇరికిన పేడును చేతితో తీయుచుండును. అంతలో కరెంటు వచ్చును. కరెంటు పోయినపుడు తనంతట విడిపోయి, మనుష్యుడు మరల నొక్కిననే గాని మోటారును నడుపని స్టార్టరు ప్రతి యంత్రమునకు ఉండవలెను. ఎఱ్ఱని ఆపు మీట పనివాని మోకాలికైనను, అరచేతికైనను అందునట్లుండవలెను.

చట్టములు, వాని హద్దులు

ఈ యంత్రపు అపాయమును లోకము చాలకాలము క్రితమే గుర్తించినది. పూర్వపు యంత్రములలో కత్తుల దిమ్మ నలుపలకలుగా నుండెడిది. దాని మూలల నడుమ పెద్ద సందుండుటచే వ్రేలు తగిలినచో చేయి మొత్తము లోనికి పోయెడిది. గుండ్రని దిమ్మలో కత్తి కొస మాత్రమే కొద్దిగా పైకి వచ్చును, గాయమైనను చిన్నదగును. చేతితో త్రోయు రందా యంత్రములకు గుండ్రని దిమ్మయే యుండవలెనని బ్రిటనులో 1922లో నియమము చేసిరి. మీ గ్రామమున ఎచ్చటనైనను పాతసామాను దుకాణమునుండి కొనిన నలుపలకల దిమ్మ యంత్రము కనబడినచో, దానిని వాడవలదని గట్టిగా చెప్పుడు.

మన దేశములో 1948లో వచ్చిన కర్మాగారముల చట్టము అపాయకరమైన యంత్రభాగములకు కంచె యుండవలెననెను. కాని ఆ చట్టము విద్యుచ్ఛక్తి వాడుచోట 10 మంది, వాడనిచోట 20 మంది పనివారున్ననే కర్మాగారమనెను. 2020లో చేసిన వృత్తి భద్రతా స్మృతి ఈ సంఖ్యలను 20, 40గా పెంచెను. మన పల్లెలోని వడ్రంగి కార్ఖానాలో ఎందరుందురు? తండ్రి, కుమారుడు, ఒక సహాయకుడు. ఆ రేకుల షెడ్డుకు కర్మాగారముల పర్యవేక్షకుడు రాడు. ఆ తలుపు తట్టగలవారు ఎవరన్నచో, పంచాయతీ సభ్యులైన మీరే.

1923లో చేసిన కార్మిక నష్టపరిహార చట్టము చేతి వ్రేళ్ళకు లెక్క కట్టినది. బొటనవ్రేలు పోయినచో సంపాదన శక్తిలో నూటికి 30 వంతులు, చూపుడు వ్రేలు మొత్తము పోయినచో 14 వంతులు, ఒక చేతి నాలుగు వ్రేళ్ళు పోయినచో 50 వంతులు నష్టమని దాని పట్టికలో వ్రాసిరి. అది యజమాని వద్ద పనిచేయువానికి. తన షెడ్డులో తాను పనిచేయు వడ్రంగికి నష్టపరిహారము ఇచ్చు యజమాని యెవరు? అతని నష్టము అతని ఇంటిదే.

పంచాయతీ చేయదగిన పనులు

ఇక మీ వంతు. డబ్బు అంతగా అవసరము లేని అయిదు పనులను సూచించుచున్నాను.

గ్రామములో మోటారుతో నడచు వడ్రంగి యంత్రములు ఎచ్చటెచ్చట నున్నవో ఒక జాబితా వ్రాసికొనుడు. మోటారు యంత్రమును పెట్టదలచినవారు పంచాయతీ అనుమతి కోరుట మన పంచాయతీ చట్టములలో చాలకాలముగా నున్న పద్ధతి. అట్టి దరఖాస్తు వచ్చినపుడు రుసుము తీసికొని ముద్ర వేయుటతో సరిపుచ్చక నాలుగు ప్రశ్నలు అడుగుడు: గార్డు ఉన్నదా? కరెంటు వచ్చినపుడు తనంతట తిరుగని స్టార్టరు ఉన్నదా? వెలుతురు చాలినంత ఉన్నదా? పలకను త్రోయుటకు ముందు వెనుకల ఖాళీ ఉన్నదా?

రెండవది పిల్లల సంగతి. 1986లో వచ్చిన బాలకార్మిక చట్టమునకు 2016లో జరిగిన సవరణ ప్రకారము 14 ఏండ్లు నిండని పిల్లలను పనిలో పెట్టుట నిషిద్ధము. బడి వేళలు కాక తమ కుటుంబపు పనిలో తోడ్పడుటకు మినహాయింపు గలదు. అపాయకరమైన పనికి ఆ మినహాయింపు లేదు. కులవృత్తి నేర్పుచున్నామని తండ్రి అనవచ్చును. నేర్పవలసినదే. ఉలిని, మూలమట్టమును, కొలతను నేర్పుమనుడు. రందా యంత్రము వద్దకు పిల్లవానిని రానీయవద్దనుడు.

మూడవది, 2023 సెప్టెంబరు 17న ఆరంభమైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకము. అందులోని 18 వృత్తులలో వడ్రంగము ఒకటి. శిక్షణ పొందు రోజులకు రోజుకు 500 రూపాయల భృతి, పనిముట్లకు 15,000 రూపాయలు, 5 శాతము వడ్డీపై మొదట ఒక లక్ష, తరువాత రెండు లక్షల రూపాయల వరకు ఋణము అందులో ఏర్పాటైనవి. దరఖాస్తును మొదట పరిశీలించునది గ్రామ పంచాయతీయే. ఆ పరిశీలన సమయమున వడ్రంగితో మాట్లాడు అవకాశము మీకు లభించును. ఋణముతో యంత్రము కొనువానికి గార్డు, మంచి స్టార్టరు గల యంత్రమునే కొనుమని ఆనాడే చెప్పుడు.

నాలుగవది ప్రథమ చికిత్స. ప్రతి షెడ్డులోను శుభ్రమైన గుడ్డ, దూది, ప్లాస్టిక్ సంచులు ఉండవలెను. వ్రేలు తెగినచో గాయమును శుభ్రమైన గుడ్డతో గట్టిగా ఒత్తి, చేతిని గుండెకంటె ఎత్తుగా పట్టవలెను. తెగిన ముక్కను పారవేయరాదు. మంచినీటితో మెల్లగా కడిగి, తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టి, ఆ సంచిని మంచుగడ్డలు వేసిన నీటిలో ఉంచవలెను. మంచుగడ్డ ముక్కకు నేరుగా తగులరాదు. పసుపు, కాఫీపొడి, సున్నము గాయమునకు పూయరాదు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 వాహన సేవను వెంటనే పిలువవలెను. తెగిన వ్రేలిని తిరిగి అతికింపగల శస్త్రవైద్యులు హైదరాబాదు నగరములో నున్నారు. బొంగులూరునుండి నగరము దూరము కాదు. గంటలు వృథా చేయకుండుటయే ముఖ్యము.

అయిదవది మనలను గూర్చినది. బడికి బల్లలు, అంగన్‌వాడీకి తలుపులు, పంచాయతీ కార్యాలయమునకు అలమారలు చేయించువారు మనమే. సంవత్సరాంతములోగా బిల్లు పెట్టవలెనని, మంత్రిగారు వచ్చులోగా తలుపులు బిగించవలెనని వడ్రంగిని రాత్రింబవళ్ళు తొందరపెట్టువారును మనమే. గృహప్రవేశ ముహూర్తము దగ్గరపడినదని ఇంటి యజమాని వచ్చి షెడ్డులో కూర్చుండును. గార్డు ఊడునది, లోతు పెరుగునది, పొట్టి ముక్క యంత్రముపైకి ఎక్కునది అట్టి సమయములోనే. నే జెప్పిన వడ్రంగి కూడ ఆనాడు ఒకరి ముహూర్తము కొరకే పని చేయుచుండెను. పనికి తగిన గడువు ఇచ్చుట కూడ యంత్రమునకు గార్డు బిగించుట వంటిదే.

సోదరులారా, సోదరీమణులారా! మన ఇంటి దర్వాజను పసుపు కుంకుమలతో పూజించుదుము. మామిడి తోరణము కట్టుదుము. ఆ దర్వాజ అంచును అంత నునుపుగా, అంత సరిగా చెక్కిన చేయి ఈ ఊరిలోనే యున్నది. రేపు ఉదయము మీ మీ గ్రామములకు పోయిన పిమ్మట ఒక్క షెడ్డునకైనను పోయి, యంత్రముపై గార్డు ఉన్నదో లేదో, ఫెన్సు ఏ వైపునకు వంగియున్నదో చూడుడు. గార్డు మూలన పడియున్నచో దానిని తెచ్చి బిగించువరకు అక్కడనే నిలువుడు. అంతకంటె నేను కోరునది లేదు.